తిన్నవా అంటే తిన్న

ఉద్యోగం పోయిన సంగతి నేను మొదట చెప్పింది స్పానిష్‌లో, ఉల్లిగడ్డలు కోస్తూ. విన్నది బెర్లిన్‌లో నాతో ఫ్లాట్ పంచుకునే స్పెయిన్ నర్సు. ఆమె డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకముందే "ఎస్తోయ్ ఫతాల్" అనేది, నా పరిస్థితి ఏం బాగాలేదని. మరీ విసిగిపోతే "నో పుయెదో మాస్", ఇక నా వల్ల కాదని. అనేసి హాయిగా టమాటాలు తరుక్కునేది. మొదట్లో ఈమెకు సిగ్గూ శరమూ లేదా అనుకున్నాను. ఇంటి గుట్టు లంకకు చేటని విని పెరిగినదాన్ని. తర్వాత సరదాకి ఆ మాటలు నేర్చుకున్నాను. ఆ రోజు అవే నోట్లోంచి ఊడిపడ్డాయి. ఆమె టమాటాలు వదిలేసి నన్ను పట్టుకుంది. బాగా ఏడ్చాను.

హైదరాబాద్‌లో ఉన్న నా భర్తకు మాత్రం పదకొండు రోజులు చెప్పలేదు. అతనికి వీసా వచ్చేసింది. సోమవారం తన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నా దగ్గరికి వచ్చేయాలని అనుకున్నాం. నాకు ఇంకో జాబ్ దొరక్కపోతే ఇక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చిన నా బ్లూ కార్డుకే దిక్కులేదు. అయినా రోజూ పొద్దున ఖాళీ లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, ఊరి చుట్టూ తిరిగే ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కేదాన్ని. ఒక చుట్టు తిరిగి దిగేదాన్ని, ప్లాట్‌ఫారం మీద కాలు నిలవక మళ్ళీ ఎక్కేదాన్ని. అతని లంచ్ టైమ్‌కి వీడియో కాల్ వచ్చేది. నా వెనక రైలు కిటికీ చూసి ఆఫీసుకే పోతున్నాననుకునేవాడు. తిన్నవా అనేవాడు. తిన్న అనేదాన్ని. మా ఇళ్ళల్లో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు లేదు, నూట రెండు జ్వరమున్నా తిన్నట్టే. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే చీదర పుట్టేది.

సోమవారం కూడా అలాగే ఫోన్ చేశాడు. రాజీనామా మెయిల్ టైప్ చేసి పెట్టానని, పంపమంటావా అని అడిగాడు. నోరు తెరిస్తే తెలుగు రాలేదు.

"నో పుయెదో మాస్."

అదేంటని నవ్వాడు.

"నా జాబ్ పోయింది. పదకొండు రోజులైంది. ఆ మెయిల్ పంపకు."

రెండు స్టేషన్లు దాటాయి. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండుననిపించింది. అతను ఫోన్‌కి దగ్గరగా వంగాడు.

"నిజం చెప్పు. తిన్నవా?"

"తినలే," అన్నాను. "నిన్నటి నుంచి తినలే."