ఓడిపోవడానికి ఒక గది

ఎండలో పరిచిన చింతపండు నుంచి ఒక పుల్లటి, వెచ్చని వాసన లేస్తుంది. ఈ ఉదయం దోర్నపాల్‌లో మా ప్యాకింగ్ షెడ్డు ముందు ఆ వాసన తగలగానే రాజ్యలక్ష్మి మేడం గుర్తొచ్చారు. ఆవిడ మా కాలేజీలో కామర్స్ చెప్పేవారు. తండ్రి కిరందుల్ గనుల్లో పనిచేయడానికి ఆంధ్ర నుంచి వచ్చారట. ఆవిడ మాత్రం పుట్టింది, పెరిగింది బస్తర్‌లోనే. సన్నగా, గట్టిగా ఉండేవారు. నవ్వడం తక్కువ.

మా ఊరు బాసగూడ దగ్గర. గొడవల వల్ల ఊరు విడిచి వచ్చాక అమ్మ దోర్నపాల్ సంతలో చింతపండు అమ్మేది. నేను హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. సొంతంగా వ్యాపారం మొదలుపెట్టాలనుకునే పిల్లల కోసం మేడం శనివారాలు ఒక క్లాసు నడిపేవారు. మొదటిరోజు హిందీలో మాట్లాడమంటే నేను బెంచీ వెనక్కి జరిగాను. "మీ అమ్మ సంతలో సరుకు ఎలా అమ్ముతుందో అలాగే చెప్పు," అన్నారు మేడం తెలుగులో. చెప్పాను. నా తర్వాత ఒకమ్మాయి గోండిలో, ఇంకొకతను హల్బీలో చెప్పారు. అర్థం కానివాళ్ళకు పక్కవాళ్ళు చెప్పారు. ఆ గదిలో మా మాటకు విలువ ఉందని ఆ రోజే తెలిసింది.

చింతపండును గింజ తీసి, శుభ్రం చేసి ప్యాకెట్లలో అమ్ముదామని నేనూ ఇద్దరు స్నేహితురాళ్ళూ మొదలుపెట్టాం. సరిగ్గా ఆరకముందే కట్టేశాం. వానలు పడగానే సరుకంతా బూజు పట్టింది. అది అమ్మ వేసవంతా ఏరి కూడబెట్టిన పండు. నేను పుస్తకాలు సర్దుకుని ఇంటికి వచ్చేశాను. మళ్ళీ కాలేజీకి వెళ్ళకూడదనుకున్నాను.

ఆ ఆదివారం మేడం బస్సు దిగి, తడుస్తూ మా ఇంటికి వచ్చారు. అమ్మ గడపలోనే ఆపింది.

"ఏంది మేడం, దుకాణాలు గల్లోల్ల పిల్లలు చేసే పని గిది. మాకెట్ల అయితది? కోంటా దాటి ఆంధ్రల నాట్లకు పోతే కూలన్న దొరుకుతది."

మేడం వాదించలేదు. గడప దగ్గరి చాప మీదే కూర్చుని, చీర కొంగు పిండుకున్నారు. "మీరన్నది నిజమేనమ్మా. షాపున్నవాళ్ళ అబ్బాయి ఒకసారి దెబ్బతింటే ఇంట్లోవాళ్ళు మళ్ళీ నిలబెడతారు. మీ అమ్మాయికి ఆ పని కాలేజీ చేయాలి. చేయకపోతే ఇక మేమెందుకండీ?"

 అమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. అది ఒప్పుకోవడమేనని నాకు అర్థమైంది.

మర్నాడు మేడం నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళారు. వాడకుండా మూసేసిన టైపింగ్ గది మాకు ఇమ్మని అడిగారు. ఇది కాలేజీ, సరుకులమ్మే మండీ కాదని ఆయన విసుక్కున్నారు.

"ల్యాబ్‌లో ప్రయోగం చెడిపోతే పిల్లల్ని ఇంటికి పంపం కదా సార్," అన్నారు మేడం. "వీళ్ళు ఓడిపోవడానికి కూడా ఒక గది కావాలి. బయట ఓడితే వీళ్ళని మళ్ళీ పిలిచేవాళ్ళు ఉండరు."

ఆయన ప్యూన్‌ని పిలిచి తాళం తీయమన్నారు. ఆ గదిలో మేము మరో రెండుసార్లు చెడగొట్టాం. తర్వాత నేర్చుకున్నాం. ఈ షెడ్డు అక్కడినుంచి వచ్చిందే.

షెడ్డు పెట్టాక, మేడం జబ్బుపడ్డారని తెలిసి కిరందుల్ వెళ్ళాను. షెడ్డు గురించి ఉత్సాహంగా చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. మెచ్చుకోలేదు. "నీ తర్వాత వచ్చిన పిల్లల దగ్గర ఆ గదిలో ఎవరు కూర్చుంటున్నారు?" అని మాత్రం అడిగారు.  ఆ వర్షాకాలం దాటకుండానే పోయారు.

ఇప్పుడు శనివారాలు ఆ గదికి నేనే వెళ్తున్నాను. పోయిన వారం తర్రెం అనే ఊరి నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇప్పనూనెతో సబ్బు చేయబోతే అది గట్టిపడలేదు. గిన్నె ముందు తల వంచుకుని కూర్చుంది. ఏదో ధైర్యం చెప్పబోయి ఆగాను. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, "అక్కా, ఇంకోసారి చేసి చూడనా?" అంది.

తను స్టవ్‌ని దగ్గరికి జరుపుకుంటే, నేను లేచి నీళ్ళు తెచ్చాను.