చప్పిడి పప్పుచారు

మాదాపూర్‌లో కంపెనీ అద్దాలు తుడిచే స్వరూపకు ఏడో నెల. కిడ్నీ జబ్బుంది, ఉప్పు ఎక్కువైతే తల్లికీ బిడ్డకూ గండమని డాక్టరమ్మ చెప్పింది. రోజూ పొద్దున్నే పాదాన్ని బొటనవేలితో నొక్కుకుంటుంది. గుంట పడకపోతే వాపు లేనట్టే; గెలిచినట్టు ఈల వేస్తుంది. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో చందానగర్ రోడ్డు మీద వంటావార్పు పెడితే, కుర్చీలో కూర్చుని గుండిగెడు పప్పుచారు వండించింది. తనే రుచి చూసి, "మస్తుగుంది, వడ్డించుండ్రి!" అంది. మొదటి ముద్దకే నినాదాలు ఆగిపోయాయి. "గింత సప్పగుందేందే పిల్లా?" అంది పక్కింటి చంద్రమ్మ. చారులో ఒక్క ఉప్పుకల్లు లేదు; చప్పిడి తిండికి అలవాటైన స్వరూప నాలుకకు ఆ సంగతే తెలియలేదు. పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వింది. "నా కాన్పయ్యేదాంక ఉప్పు బంద్, పెద్దమ్మా!" చంద్రమ్మ పిడికిలెత్తింది. "ఉప్పు!" రోడ్డంతా "బంద్!" అంది. బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు కూడా, నోట్లో ముద్దతోనే, "బంద్!" అనేశాడు.