నేను కడిగేసిన చేపగుడ్లు

మధ్యాహ్నం తార్నాక నుంచి మా ఆయనకు అన్నం తీసుకుని, ఆయన పనిచేసే యూనివర్సిటీ ల్యాబుకు వెళ్లాను. ఆయన వచ్చేదాకా ఊరికే నిలబడలేక, బల్ల మీద అడుగున నలకలున్న గాజు గిన్నె కనిపిస్తే, నీళ్లు పారబోసి తళతళా కడిగిపెట్టాను.

అంతలో అక్కడ పీహెచ్‌డీ చేసే అమ్మాయి వచ్చింది.

"అక్కా, గిండ్ల చేపగుడ్లు ఉండె గదా!"

"మురికనుకున్న చెల్లె."

"ఇయ్యాలనే వాటిల గుండెను తయారుచేసే జీన్ పని మొదలువెడ్తది. అది మొదలైతే తెల్వాలని మేం పెట్టిన గుర్తు అప్పుడు ఆకుపచ్చగ మెరుస్తది. పొద్దటిసంది దానికోసమే చూస్తున్న."

ఆమె తిట్టలేదు. "రేపు చేపలు మల్ల పెడ్తయి తియ్" అంది, ఆ ఖాళీ గిన్నెనే చూస్తూ.

ఇంట్లో అంట్లు అలాగే ఉన్నాయి. ఈ రోజుకు కడిగింది చాలు. రేపు మళ్లీ అన్నం పట్టుకుని ఆ అమ్మాయి ముందుకు ఏ మొహంతో వెళ్లాలో మీరే చెప్పండి.