ప్యాకప్ కుట్లు, నా కంటిన్యుటీ

అన్నీ తెలుసనుకునే వయసొకటి ఉంటుంది. నాకది కృష్ణానగర్‌లో, మేడ మీది రేకుల గదిలో గడిచింది. అసిస్టెంట్ డైరెక్టర్లలో అందరికంటే చిన్నదాన్ని, కంటిన్యుటీ నా పని. అంటే, ఒక సీను రెండు రోజులు తీస్తే హీరో చొక్కాకి మొదటి రోజు ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయో రెండో రోజూ అన్నే ఉండేలా ఫోటోలు చూసి సరిపెట్టడం. చేరిన నెలకే హీరోగారి వాచీ కుడిచేతికి పెట్టించాను. (ముందు రోజు ఎడమ చేతికుంది.) "ఏమ్మా, వాచీ రాత్రికి రాత్రి నడుచుకుంటూ ఆ చేతికెళ్లిందా?" అని కో-డైరెక్టర్ గారు యూనిట్ అంతటి ముందూ అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్నుంచి కనబడిన ప్రతిదాన్నీ ఫోటో తీయడం జబ్బైపోయింది.

ఆ రోజుల్లోనే ఫిల్మ్ నగర్ స్టూడియో గేటు దగ్గర, షూటింగ్ ముగిసి ప్యాకప్ చెప్పాక, ఓ ఆడ కుక్కపిల్ల నా వెనకే ఆటో ఎక్కేసింది. దానికి ప్యాకప్ అని పేరు పెట్టాను. ఆరు నెలలు నిండాక జూబ్లీహిల్స్‌లో ఓ డాక్టరమ్మ దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. పొట్ట మీద ఏడు కుట్లు. అలవాటు కొద్దీ వెంటనే ఒక ఫోటో తీశాను. ఆ తర్వాతే డాక్టరమ్మ దాని మెడకి గరాటులాంటి ప్లాస్టిక్ కోన్ తగిలించారు. "పన్నెండు రోజులు కోన్ తీయొద్దు. తడపొద్దు, గెంతనివ్వొద్దు. రోజూ కుట్లు చూడండి, వాపు గానీ ఎరుపు గానీ కనబడితే వెంటనే తీసుకురండి. అది నాలుకతో నాకి, కుట్లు ఊడితే మళ్లీ మత్తిచ్చి కుట్టాలి" అన్నారు. మళ్లీ మత్తు అనేసరికి ఆ జాగ్రత్తలన్నీ ఫోన్‌లో రాసుకున్నాను.

ఇంటికి రాగానే కింద ఉండే ఓనరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏంది బిడ్డా, దాని మెడకు గా గంపేంది? జర పసుపు రాయి, మూడొద్దులల్ల మానుతది." డాక్టరు చెప్పనిదేదీ రాయకూడదని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పాపం, ఆమె మూతి ముడుచుకుంటూనే, "సరే, నువ్వు షూటింగ్‌కు పో, నేను జూస్త, ఫికర్ జెయ్యకు" అంది.

రోజూ పొద్దున్నే మా గది కిటికీ దగ్గర, అదే వెలుగులో, అదే యాంగిల్‌లో కుట్లు ఫోటో తీసేదాన్ని. ఐదో రోజు ఫోటో నాలుగో రోజు ఫోటో పక్కన పెట్టి చూస్తే తేడా కనబడింది. కింది రెండు కుట్ల దగ్గర ఎరుపు, కాస్త వాపు. "కోన్ తీశారా ఆంటీ?" అని ఓనరమ్మని నిలదీశాను. "నేనెందుకు తీస్తనే? నువ్వొచ్చేదాంక దాని పక్కకెంచి లేవలే!" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నాతోపాటు ఆటో ఎక్కింది, ప్యాకప్‌ని ఒళ్లో పెట్టుకుని.

డాక్టరమ్మ నా ఫోటోలు చూసి, "ఇంత ముందుగా ఎవరూ పట్టుకోరండీ! ఇంకో రోజు ఆగుంటే కుట్లు ఊడేవి" అన్నారు. నేను పొంగిపోయాను. (పొంగు ఒక్క నిమిషమే.) "అది సరే, ఒక్క ఫోటోలోనూ కోన్ లేదేంటి?"

"మొదటి ఫోటోలో లేదు కదా మేడమ్. కంటిన్యుటీ కోసం రోజూ కోన్ తీసి..."

"మీరు కెమెరా సరిచూసుకునేలోగా అదేం చేస్తుంది?"

"నాకుతది. ఇంకేం జేస్తది?" అంది ఓనరమ్మ, నాకేసి చూడకుండానే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె చెయ్యి పట్టుకుని తప్పైపోయిందన్నాను. "నీ పిచ్చి పాడుగాను" అని ఆమె నవ్వేసింది. మందులు పడ్డాయి, వాపు తగ్గింది. పన్నెండో రోజు కుట్లు విప్పితే పొట్ట మీద సన్నటి గీత మిగిలింది. "చక్కగా మానింది" అని డాక్టరమ్మ అన్న ఆ ముక్కకి గర్వంతో నా ఛాతీ ఉబ్బింది. ఓనరమ్మైతే గల్లీ అంతా చెప్పుకొచ్చింది.

ఇప్పుడు నేనే కో-డైరెక్టర్‌ని. ప్యాకప్ మూతి తెల్లబడింది. ఆ పన్నెండు ఫోటోలూ ఫోన్‌లోనే ఉన్నాయి. ఐదింటిలో కోన్ లేదు, మిగతా ఏడింటిలో ఉంది. మొన్న కొత్తగా చేరిన అసిస్టెంటమ్మాయి చూసి, "మేడమ్, ఇక్కడ కంటిన్యుటీ పోయిందండీ" అంది భయం భయంగా. ఔనమ్మా, పోయింది. నా జీవితంలో నేను తెలిసి చేసిన కంటిన్యుటీ తప్పు అదొక్కటే. దాన్ని చూసుకున్నంత మురిపెంగా నేను పనిచేసిన ఏ సినిమానీ చూసుకోలేదు.