డూటీవోడు, లీవోడు, నీసోడు

మోకాలి ఆపరేషను రెండేళ్ళు వాయిదా వేశాను. కత్తికి భయపడి కాదు. నలభై రెండు కేరేజీలు నా తలలో ఉండేవి. తలని ఇంట్లో వదిలేసి మోకాలిని మాత్రం ఆసుపత్రికి పంపే దారి లేకపోయింది.

మాది కూర్మన్నపాలెం. స్టీలు ప్లాంటులో పనిచేసేవాళ్ళు చాలామంది మా చుట్టుపక్కల గదులు అద్దెకి తీసుకుని ఉంటారు. నేనూ మా తోటికోడలూ వాళ్ళకి వండి కేరేజీలు కడతాం. వంట పెద్ద కష్టం కాదండి. ఎవరికి, ఎప్పుడు, ఏది అన్నదగ్గరే ఉంది కష్టమంతా. పొద్దుటి షిఫ్టువాడు తెల్లారి ఐదింటికే కేరేజీ పట్టుకుపోవాలి. మధ్యాహ్నం షిఫ్టువాడికి ఒంటిగంటకి కావాలి, రాత్రి షిఫ్టువాడికి ఎనిమిదింటికి. కొన్ని రోజులకోసారి ఆ షిఫ్టులు మారిపోతాయి. వారపు సెలవు ఒక్కొక్కరికి ఒక్కో రోజు. శనివారం నీసు ముట్టనివాడొకడు, గుడ్డు తిని చేప తిననివాడొకడు. పద్మనాభం నుంచి వచ్చినాయన కోతలప్పుడు చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోతాడు, ఆ వారం ఆకాశం చూసి నేనే తెలుసుకోవాలి.

నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఇవన్నీ కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. ఒకసారి నాకు జ్వరం వచ్చి రెండు రోజులు లేవలేకపోతే ఊళ్ళో లేనివాడి తలుపుకి కేరేజీ వేలాడింది, ఉన్నవాడు ఖాళీ కడుపుతో డ్యూటీకి పోయాడు. ముగ్గురు మానేశారు. డాక్టరేమో ఆపరేషనయ్యాక ఆరు వారాలు పొయ్యి దగ్గర నిలబడకూడదన్నాడు. రెండు రోజులకే ముగ్గురు పోతే ఆరు వారాలకి ఎవరు మిగులుతారు?

మా కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు పని చేస్తుంది. భీమవరం వైపు పిల్ల, మాటకి ముందొక 'అండి', వెనకొక 'అండి'. నేను మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం చూసి ఒకరోజు అంది:

"మీ తలకాయలో ఉన్నదంతా నాకు చెప్పేయండత్తయ్యగారూ. యాప్ చేసిచ్చేస్తానండి. మీరు హాయిగా వెళ్ళి కాలు బాగుచేయించుకోండి."

"నా తలకాయ ఏటి, నీ ఫోన్లో పట్టేత్తదేటి?"

"పట్టేస్తదండి."

పట్టించింది కూడా. నెల తిరక్కుండా ఒక యాప్ తయారైంది. రంగులు, బొమ్మలు, మనిషి పేరు నొక్కితే ఫొటో. అన్నీ అందులోనే. పది రోజులు బాగానే నడిచింది, నేను ఆపరేషనుకి తారీఖు కూడా తీసుకున్నాను. ఈలోగా కార్తీకం వచ్చింది.

మా కేరేజీలవాళ్ళలో ఒకాయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నవాళ్ళకి నేను తలస్నానం చేసి, వేరే గిన్నెలో, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వండుతాను. ఒకరోజు మధ్యాహ్నం నల్లబట్టలతో, చేతిలో కేరేజీతో ఆయనే గుమ్మంలో నిలబడ్డాడు. మాలలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళని మాతా అంటారు కదా, కోపం వచ్చినా అలాగే అనాలి.

"స్వామి శరణం మాతా. ఈ గుడ్డేటి మాతా?"

మూత తీసి చూపించాడు. పులుసులో గుడ్డు తెల్లగా నవ్వుతోంది. మా తోటికోడలు చేతిలో గరిటె కింద పడేసింది. నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మోకాలు వంగలేదు, అదొకటి.

"తప్పయిపోనాది స్వామీ. ఒక్క ముక్కైనా తిన్నారేటి?"

"వాసనకే తెలిసిపోనాది మాతా."

ఎందుకిలా జరిగిందో తెలుసుకోవడానికి మా కోడలికి రెండు రోజులు పట్టింది. అన్నం కూడా కంప్యూటరు ముందే తింది. చివరికి తేలిందేమిటంటే, ముందురోజు స్వామి షిఫ్టు మారిందని నేను చెబితే కోడలు యాప్‌లో మార్చింది. యాప్ ఆయన్ని కొత్త షిఫ్టులో కొత్త మనిషిగా రాసుకుంది. కొత్తగా వచ్చినవాడు అన్నీ తింటాడని దానికదే అనేసుకుంది. షిఫ్టు ముడి ఇక్కడ లాగితే కూర ముడి అక్కడ ఊడింది.

"మరి రెండూ కలిపి ఎందుకు కుట్టేవే?" అన్నాను.

కోడలు తల దించుకుంది. "ఆఫీసులో ఇలా రాస్తే మా పెద్దాయన తిట్టేస్తాడండి. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాం రాయాలి, తర్వాత వాటిని కలుపుకోవాలి. మీకు గొప్పగా కనిపించాలని అంతా ఒకే ముద్ద చేసేశానండి."

దాని నిజాయితీ నాకు నచ్చింది. ఆపరేషను మాత్రం మళ్ళీ వాయిదా వేయించేశాను. అది చూసి కోడలు మొహం వాడిపోయింది. ఆ సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి యాప్ లేదు, బొమ్మలు లేవు. నలుగురు పనివాళ్ళు, అంటే నాలుగు చిన్న ప్రోగ్రాములు. వాటికి కోడలు ఇంగ్లీషులో ఏవో పేర్లు పెట్టుకుంటే నేను మార్చేశాను. మొదటివాడు డూటీవోడు. ఈవేళ ఎవరు ఏ షిఫ్టో, ఎవరికి వారపు సెలవో జాబితా ఇస్తాడు, ఇంకేమీ తెలియదు వాడికి. రెండోవాడు లీవోడు. ఆ జాబితా అందుకుని ఊళ్ళో లేనివాళ్ళని కొట్టేసి మిగతాది ముందుకి తోస్తాడు. మూడోవాడు నీసోడు. పేరు పక్కన ఎవరికి ఏ కూరో, ఏ గిన్నెలోదో రాస్తాడు. ఆఖరివాడు చీటీవోడు. బస్సు కండక్టరు మెషీనులాంటి చిన్నదాంట్లోంచి కేరేజీకొక చీటీ కొట్టిస్తాడు. నీసోడికి షిఫ్టులంటే ఏమిటో తెలియదు, కాబట్టి షిఫ్టు మారినా వాడు స్వామికి గుడ్డు పెట్టలేడు.

నేను పట్టుబట్టింది ఒక్కటే. ఒకడి నుంచి ఇంకొకడికి ఏం వెళ్తోందో నా కంటికి కనిపించాలి అన్నాను. కోడలు ఎగిరి గంతేసినంత పని చేసింది. అసలు ఉండాల్సింది కూడా అలాగేనట. ఒక్కొక్కడి జాబితా నా ఫోనులోనూ మా తోటికోడలి ఫోనులోనూ విడిగా వస్తుంది. వరసకో పేరు, తెలుగులో. నాలుగో తరగతి చాలు చదవడానికి. తప్పు కనిపిస్తే ఎవడి దగ్గర దొర్లిందో వేలు పెట్టి చూపించగలను. ముద్దలో ఆ వేలు ఎక్కడ పెట్టాలో దాన్ని చేసినదానికే రెండు రోజులు తెలియలేదు కదా!

చిన్నవంటే సులువనుకోకండి. ఎక్కడ కోయాలన్నదాని మీద అత్తాకోడళ్ళం మూడు రోజులు వాదించుకున్నాం. ఉపవాసం ఉండేవాళ్ళని లీవోడే కొట్టేస్తాడులే అంది అది. ఉపవాసం ఉన్నవాడు ఊళ్ళోనే ఉన్నాడు, సాయంత్రం చుక్క చూసి తింటాడు, లీవోడికి ఆ గొడవ అంటగట్టొద్దన్నాను నేను. చివరికి కార్తీక సోమవారాల కోసం ఇంకొకణ్ణి చేసి లీవోడికీ నీసోడికీ మధ్య నిలబెట్టాం. నెల పోగానే వాడు ఇంటికెళ్ళిపోయాడు. మిగతా నలుగురికీ వాడు వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు.

మా ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. మొదట్లో వెక్కిరించాడు. "ఏటే, నలుగురు పనోళ్ళని పెట్టేసేవు. ఒక్కడు సాలడేటి?"

"ఒక్కణ్ణి పెడితే స్వామికి గుడ్డెట్టేడు కదేటి."

కాసేపు ఆ జాబితాలు తిప్పి తిప్పి చూశాడు. "ఓహో. కంటైనర్ లాగ. నాలుగు మూలలూ ఒక్క కొలతే. నోపల ఏటుందో క్రేనోడికి అక్కర్నేదు. ఎత్తేత్తాడు, లారీ మీదెట్టేత్తాడు."

కోడలు చప్పట్లు కొట్టింది. "మావయ్యగారు మా ఆఫీసుకి వచ్చి క్లాసు చెప్పాలండి!"

ఆయన ఊరుకుంటాడా? మర్నాడు కోడలి పక్కన చేరి, డూటీవోడి జాబితాలోంచి ఈవేళ సెలవెవరికో ఏరించుకున్నాడు. క్యారమ్స్‌కి ముగ్గురు కావాలి ఆయనకి. కేరేజీల కోసం పుట్టినవాడు క్యారమ్స్‌కి కూడా పనికొచ్చాడు, వాడిలో ఒక్క అక్షరం మార్చకుండా.

ఇంక సాకులు మిగల్లేదు. ఆపరేషనుకి వెళ్ళాను. రెండు రోజులు నొప్పి తప్ప ఇంకేం తెలియలేదు. మూడో రోజు తెల్లవారాక మెలకువొచ్చి చూస్తే, రాత్రంతా నాకు కాపలా కాసిన కోడలు పక్క బెంచీ మీద నిద్రపోతోంది. దాని ఫోను చార్జింగు లేక చచ్చిపడి ఉంది. నా ఫోను తీసి ఇంటికి కొట్టాను. మా తోటికోడలు ఎత్తింది.

"ఎలాగున్నాదే అక్కడ?"

"బాగానే ఉన్నాదక్కా. పొద్దుట డూటీవోడు తప్పు సెప్పేసేడు."

"ఏటే?"

"ప్లాంట్లో ఏదో రిపేరంట. ఓ బ్యాచ్చోల్లందరికీ నిన్న సాయంత్రం షిఫ్టు మార్సేసేరంట. ఆడికేటి తెలుస్తాది? జాబితా సూత్తే ఆల్లందరికీ మద్దేనం అని ఉన్నాది. ఆల్లేమో నాలుగున్నరకే బూట్లేసుకుని గుమ్మంలో ఉన్నారు."

"మరి?"

"మరేటుంది. ఆడి జాబితా పక్కనెట్టీసేను. ఒక్కొక్కల్ని అడిగి పేర్లు నానే ఫోన్లో కొట్టి లీవోడికి ఇచ్చీసేను. ఆడికేటి, నాను రాసినా డూటీవోడు రాసినా ఒకటే కదా. తీసుకున్నాడు. నీసోడు ఆడి పని ఆడు సేసేడు. సీటీలొచ్చీసేయి."

"స్వామికి?"

"స్వామి గిన్నె స్వామికే ఎల్లింది."

"అందరికీ అందేయేటి?"

"అందేయక్కా. పది నిమిషాలు లేటు."

"నాకు ఫోన్ సెయ్యలేదేం?"

"నీకెందుకు సెయ్యడం? పనయిపోనాది కదా." తర్వాత గొంతు పెంచి, "ఉండక్కా, పప్పు పొంగిపోతన్నాది" అని పెట్టేసింది.

ముప్పై ఏళ్ళుగా నాతో ఉన్న తోటికోడలు నా ఫోను నా మొహానే పెట్టేసింది! జ్వరంనాడు అక్కా అక్కా అని మంచం చుట్టూ తిరిగింది ఈ మనిషే. ఫోను చేతిలో పట్టుకుని కాసేపు ఉడుక్కున్నాను. అబద్ధం ఎందుకు, కొంచెం ఏడుపు కూడా వచ్చింది. మూడు రోజులుగా నేను లేకుండానే నలభై రెండు మంది అన్నం తింటున్నారు. రెండేళ్ళు ఈ కాలు ఈడ్చుకున్నది అది జరగదన్న నమ్మకంతోనే కదా.

కాలికి కసరత్తు చేయించే అమ్మాయి వచ్చింది. ముందురోజు ఆ అమ్మాయిని చూసి కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

"ఈరోజైనా లేస్తారా అమ్మా? నాలుగడుగులు వేస్తే చాలు."

"ఇంట్లో నాకు పని లేదంట," అన్నాను. "పద."

వాకరు పట్టుకుని లేచాను. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుగడుగులు వేశాక ఆ అమ్మాయి చాలంది. ఇంకో నాలుగు వేస్తానన్నాను. చప్పుడుకి కోడలు ఉలిక్కిపడి లేచి, చెప్పులు లేకుండా నా పక్కకి పరిగెత్తుకొచ్చింది.

"ఇంటి దగ్గర్నుంచి ఫోనేమైనా వచ్చిందా అత్తయ్యగారూ? కేరేజీలు..."

"ఎల్లిపోనాయి. నువ్వు పడుకో," అని వరండా వైపు తిరిగాను.