ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు

మొన్న ఆత్మకూరు నుంచి ఇద్దరు యువకులు వచ్చి, మా వకీలుగారికి సన్మాన సంచిక వేస్తున్నామంటూ నా ముందు ఒక తెల్లకాగితం పెట్టారు. "కింద సంతకం పెట్టియ్యండి సార్, చాలు. పైన నాలుగు మంచి మాటలు మేం రాసుకుంటాం" అన్నారు. కాగితం ఇక్కడే ఉంచి వెళ్లండి, రెండు రోజుల్లో ఇస్తానని పంపేశాను.

ఆయన ఆత్మకూరు కోర్టులో ప్రాక్టీసు చేసినన్నాళ్లూ నేనే గుమాస్తాను. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చే కక్షిదారులు మాటిమాటికీ బస్సెక్కి రాలేరని, వకాల్తాతో పాటు నాలుగైదు ఖాళీ కాగితాల మీద కూడా వేలిముద్రలు వేయించి బీరువాలో దాచేవాళ్లం. అందులో తప్పుందని నాకెన్నడూ తోచలేదు.

ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేసే బీడుకు ఒక పెద్దమనిషి కంచె వేసి తన పొలంలో కలుపుకుంటే కాపరులు దావా వేశారు. వాళ్లలో మా మేనమామ ఒకడు. వకీలుగారి దగ్గరికి తీసుకొచ్చిందీ నేనే, మామ బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించిందీ నేనే. "నువ్వుండావు గదా అల్లుడా, మాకేం భయం" అన్నాడు మామ.

దావా గెలిచేట్టే ఉందనగా ఎన్నికలొచ్చాయి. వకీలుగారికి టికెట్టు ఇప్పించింది ఆ కంచె పెద్దమనిషే. ఒక మధ్యాహ్నం వకీలుగారు తాంబూలం నములుతూ బీరువాలోని ఆ కాగితాలు తీయించి, బీడుతో మాకు సంబంధం లేదు, దావా వదులుకుంటున్నాం అని వేలిముద్రల పైనున్న ఖాళీలో నా చేతే రాయించారు. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, సిగ్గులేని వాణ్ణి.

కోర్టులో ఆ కాగితం చదివిన రోజే రాత ఎవరిదో చదువొచ్చిన వాళ్లు చెప్పగా మామకు తెలిసిపోయింది. మేత లేక మంద అమ్ముకుని, కట్టెలు కొట్టి బతికాడు. నేను ఎదురుపడినప్పుడల్లా బొటనవేలిని పిడికిట్లో దాచుకునేవాడు. పోయేదాకా అంతే. వకీలుగారు మాత్రం ఎమ్మెల్యే అయి, మంత్రి అయి, చివరికి పరాయి దేశంలో మనకు రాయబారి అయ్యారు. గొర్రెల కాపరుల నోరు నొక్కినవాడు దేశం తరఫున మాట్లాడాడంటే, ఇప్పటికీ అసహ్యంతో ఒళ్లు మండుతుంది.

ఈ రోజుల్లో వేలిముద్ర వేసేవాళ్లు తగ్గారు, అందరికీ సంతకం వచ్చు. ఖాళీ కాగితం పట్టుకుని వచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. అందుకే ఆ యువకులు వదిలివెళ్లిన కాగితం మీద పైనుంచి కిందిదాకా చోటు మిగలకుండా ఇదంతా నేనే రాసి సంతకం పెట్టాను. మామ ఉండుంటే చదివి వినిపించేవాణ్ణి. అప్పుడైనా ఆ పిడికిలి విప్పేవాడేమో.