బీరువా వెనక గోడ

మావారు రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి కోవూరులో ఓ ఇల్లు కొనబోయాం. కిరాణా కొట్లో పెరిగినదాన్ని కాబట్టి బేరం నాకే వదిలేశారు. ఇల్లు అమ్మే ఆయన చెప్పిన ధర బాగానే తగ్గించాను. అడ్వాన్సు ఇవ్వబోతూ, అలవాటు కొద్దీ, పడగ్గదిలోని ఇనప బీరువాను కొసరుగా అడిగాను.

"తీసుకోండక్కా! కాకపోతే అక్కణ్ణించి జరపబాకండి," అన్నాడు.

కొసరైనా సరే, వెనకవైపు చూడకుండా తీసుకుంటానా? తుప్పు పట్టిందేమోనని మావారూ నేనూ బీరువాను పక్కకు జరిపాం. దాని వెనక గోడ నేల నుంచి బీరువా ఎత్తు దాకా చీలి ఉంది. నా నాలుగు వేళ్ళూ అందులో దూరాయి.

"ఏమయ్యా, మనుషులు పడుకునే గది గదా ఇది!" అని అరిచాను.

"మడి పూడ్చిన నేల గదక్కా, పునాది రవ్వంత దిగింది. అందుకే గదా బీరువా ఊరికే ఇస్తా ఉండేది!" అన్నాడు, నేనే అన్యాయం చేస్తున్నట్టు.

ఒళ్ళు మండిపోయింది. డబ్బు సంచి చంకన పెట్టుకుని బయటికి నడిచాను. అప్పుడు కూడా "ఇంకాస్త తగ్గిస్తాడేమో" అని నోటిదాకా వచ్చింది. మావారి ముఖం చూసి మింగేశాను.

ఆ పెద్దమనిషి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా మీద అంతకంటే ఎక్కువ. ఊరికే వచ్చే బీరువాకు వెనకవైపు చూశాను గానీ, ఉన్నదంతా పోసి కొనే ఇంటికి ఒక్క గోడైనా తట్టి చూడలేదు.